నాలుగు స్వరాల్లో బాలమురళి: నా అనుభవం

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు చెప్పగానే మన ఇళ్లలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆయన గొంతు. ‘పలుకే బంగారమాయెనా’, ‘పిబరే రామరసం’, పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని. నాకూ అంతే. ఆయన వాగ్గేయకారులని, అంటే పాటకు మాటా బాణీ రెండూ తామే కట్టేవారని తెలుసు గానీ, నాలుగు వందల పైచిలుకు రచనలు చేసిన మనిషిగా ఆయన గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రచనల్లో కొన్నిటిని గురుముఖంగా నేర్చుకున్నాక నా అభిప్రాయం మారింది. బాలమురళి ఎంత గొప్ప గాయకులో అందరూ చెబుతారు. రచయితగా ఆయన అంతకన్నా గొప్పవారని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎలా కుదిరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిన్నప్పుడు వర్ణాల దాకా వచ్చి ఆగిపోయిన సంగీతం నాది. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. నలభై దాటాక విజయవాడలో ఒక మాస్టారి దగ్గర మళ్లీ చేరాను. ఆయన ఎక్కువగా చెప్పేది త్యాగరాజ కృతులు. ఒక ఏడాది, జూలై 6న బాలమురళి గారి జయంతికి శిష్యులందరం ఆయన రచనలే పాడాలని మాస్టారు సంకల్పించారు. ఎవరికి ఏది ఇవ్వాలో కూడా ఆయనే చూసుకున్నారు. నా వంతుకు ఆయనే సృష్టించిన, నాలుగే స్వరాలున్న లవంగి రాగంలో ‘ఓంకారాకారిణి’ వచ్చింది.

“నాలుగు స్వరాలే కదా అని తేలిగ్గా తీసుకోకమ్మా. ఏడు స్వరాల రాగంలో అయితే కాస్త తడబడినా పక్క స్వరం ఆదుకుంటుంది. ఇందులో ఆదుకునేవాళ్లు ఉండరు” అన్నారు.

లవంగిలో ఉండేవి షడ్జం (స), శుద్ధ రిషభం (రి), శుద్ధ మధ్యమం (మ), శుద్ధ ధైవతం (ద). ఎక్కినా ఇవే, దిగినా ఇవే. మనం సరళీ వరసలు మొదలుపెట్టే మాయామాళవగౌళలో ఈ నాలుగూ ఉన్నాయి. అంటే మొట్టమొదటి పాఠం నుంచీ నా గొంతుకు తెలిసిన స్వరాలే. కష్టమంతా వాటి మధ్య ఉన్న ఖాళీల్లో వచ్చింది. మాస్టారు హార్మోనియం ముందు కూర్చోబెట్టి మెట్ల మీద చూపించారు. స నుంచి రి పక్క మెట్టే. రి నుంచి మ నాలుగు మెట్ల దూరం. మ నుంచి ద మూడు మెట్లు. ద నుంచి పై షడ్జానికి మళ్లీ నాలుగు. రెండు స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే, మిగతావన్నీ దూరదూరంగా నిలబడి ఉన్నాయి.

‘శ్రీ గణనాథ’ గీతం నేర్చుకోని సంగీతం విద్యార్థి ఉండరు. అది మలహరి. మలహరి ఆరోహణ స రి మ ప ద స. అందులోంచి పంచమం తీసేస్తే లవంగి ఆరోహణ. చిన్నప్పుడు వందల సార్లు పాడిన బాట కాబట్టి మధ్యమం నుంచి ధైవతానికి పోయేటప్పుడు గొంతు తనంతట తానే పంచమం మీద కాలు పెట్టి వెళుతుంది. వినేవాళ్లకు అది స్పష్టంగా తెలియకపోవచ్చు, కానీ రాగం మసకబారుతుంది. దానికి మాస్టారు చెప్పిన సాధన ఒకటే. తాళం లేకుండా మధ్యమం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడటం, ఆగిపోవడం, ఆ నిశ్శబ్దంలో ధైవతాన్ని మనసులో వినడం, అప్పుడు ధైవతం అందుకోవడం. మధ్యలో జారు కూడా లేదు. అది కుదిరాకే రెండు స్వరాలనీ కలపనిచ్చారు. తర్వాత ఒకసారి మలహరి ఆరోహణ, వెంటనే ఒకసారి లవంగి ఆరోహణ, ఇలా మార్చి మార్చి పాడించారు. ఆ తేడా చెవికి ఎక్కిన రోజున రాగం చేతికి అందినట్టయింది.

శ్రుతి సంగతి ఇంకా ఆసక్తికరం. నాది అయిదున్నర శ్రుతి. ఎలక్ట్రానిక్ తంబురా ఎప్పుడూ పంచమంలోనే ఉంటుంది. లవంగి సాధన చేసేటప్పుడు మాస్టారు దాన్ని మధ్యమానికి మార్చమన్నారు. రాగంలో లేని పంచమం వెనకాల మోగుతూ ఉంటే, దానికి ఆనుకునే ఉన్న శుద్ధ ధైవతం నిలవదని ఆయన ఉద్దేశం. మార్చి చూస్తే నిజంగానే ధైవతం కుదురుగా కూర్చుంది. తీరా అది కుదిరాక ఇంకో గడ్డు సమస్య. శుద్ధ రిషభాన్ని పొరపాటున చెవి షడ్జంగా పట్టుకుందంటే మిగిలిన స్వరాలు గ, ప, ని అయిపోతాయి. రిషభం నుంచి లెక్కపెట్టి చూడండి, అంతర గాంధారం, పంచమం, కాకలి నిషాదం సరిగ్గా వస్తాయి. గంభీరనాట పోలిక ఏదో గదిలోకి వచ్చేస్తుంది. రిషభం మీద ఎక్కువసేపు నిలబడే ప్రతిచోటా ఈ గండం ఉంది. తంబురా శబ్దం కాస్త పెంచుకుని, ప్రతి వాక్యం చివర షడ్జానికి వచ్చి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇదంతా అయ్యాక గానీ కృతి మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాక తెలిసింది, ఇన్ని కష్టాలకూ సమాధానం బాలమురళి గారు సాహిత్యంలోనే పెట్టారని. ‘ఓంకారాకారిణి’ అన్న ఒక్క ఎత్తుగడలో ఎన్ని దీర్ఘాలున్నాయో చూడండి. అన్ని దీర్ఘాలుంటే ఒక్కో స్వరం మీద నిదానంగా నిలబడవచ్చు. గమకాలతో ఊపడానికి పక్కన స్వరాలు లేని రాగంలో, స్వరాన్ని నిలబెట్టి అందం తేవాలి. నిలబెట్టాలంటే మాటకు ఆ పొడవుండాలి. సాహిత్యం, సంగీతం ఒకే బుర్రలో ఒకేసారి పుడితే తప్ప ఇలా కుదరదు. వాగ్గేయకారుడంటే ఎవరో నాకు సిద్ధాంతం పుస్తకంలో నిర్వచనంగా మాత్రమే తెలుసు. ఈ పల్లవి నోటికి వచ్చాక అర్థమైంది.

జయంతి రోజు సభ చిన్నదే. వయొలిన్ వాయించిన కుర్రవాడు ముందు రోజే వచ్చి నాతో కూర్చుని స్వరస్థానాలు సరిచూసుకున్నాడు. పాడేముందు టెన్షన్ పడ్డాను గానీ, మధ్యమ శ్రుతి మోగడం మొదలయ్యాక అది తగ్గింది. పాట అయ్యాక ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి, “సావేరిలా మొదలైంది గానీ సావేరి కాదు. ఏ రాగమమ్మా ఇది?” అని అడిగారు. స్వరాలు తక్కువయ్యాయని ఆవిడకే కాదు, అక్కడ ఎవరికీ అనిపించలేదు. నాలుగు స్వరాలతో రాగం నిలుస్తుందా అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

ఆ ప్రశ్న మీద బాలమురళి గారు ఇలాంటి రాగాలు సృష్టించిన రోజుల్లో పెద్ద వివాదమే నడిచింది. శాస్త్రంలో సంపూర్ణం, షాడవం, ఔడవం అని ఏడు, ఆరు, అయిదు స్వరాల దాకా లెక్క. అంతకు తగ్గితే రాగమని ఎలా అంటారని చాలామంది విద్వాంసులు అభ్యంతరం చెప్పారు. వీణ ఎస్. బాలచందర్ గట్టిగా ఎదిరించినవారిలో ఒకరు. నేను పండితురాలిని కాను గానీ, నాకు తోచింది చెబుతాను. త్యాగయ్య ‘నిను వినా నామదెందు’ చేసిన నవరసకన్నడ ఆరోహణ స గ మ ప స. ఎక్కేటప్పుడు నాలుగు స్వరాలే. దిగేటప్పుడు ఎక్కువున్నాయి, నిజమే. కానీ నాలుగు స్వరాలతో ఒక రాగానికి ముఖం ఇవ్వచ్చని త్యాగయ్య దగ్గరే ఆనవాలు ఉంది. ఆ ఆనవాలు పట్టుకుని చివరిదాకా నడిచినవారు బాలమురళి. పైగా ఆయన త్యాగయ్యకు పరాయివారేమీ కాదు. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులు గారి శిష్యులు బాలమురళి. సంప్రదాయం తెలియక చేసిన పని అనడానికి వీల్లేదు.

సభ అయిన తర్వాత వారం మాస్టారిని బాలమురళి గారి ఇంకో నాలుగు స్వరాల రాగం, మహతి అడిగాను. ‘మహనీయ మధుర మూర్తే’ మొదలుపెట్టాం.

మహతి అంటే నారదుడి వీణ. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో నారదుడిగా బాలమురళి గారిని చూసినవాళ్లకు ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో తెలుస్తుంది. రాగం స గ ప ని, అంతర గాంధారం, కైశికి నిషాదం. లవంగికి పూర్తిగా వ్యతిరేక స్వభావం. అక్కడ లోపలికి ముడుచుకున్నట్టుంటే, ఇక్కడ ఆరుబయట నిలబడినట్టుంటుంది. మా పెద్దబ్బాయి గిటార్ నేర్చుకుంటున్నాడు. నేను సాధన చేస్తుంటే విని, “అమ్మా, నువ్వు పాడేది మాకు సెవెన్త్ కార్డ్” అని ఆ నాలుగు స్వరాలూ ఒకేసారి మీటి వినిపించాడు. నిజమే, అచ్చంగా అవే. అసలు చిక్కూ అక్కడే ఉంది. గిటార్ మీద ఒకసారి మీటితే అయిపోయే వాటిని రాగంగా ఎలా నడిపించాలి?

కర్ణాటక సంగీతంలో గాంధారాన్ని ఊపామంటే ఆ ఊపులో రిషభమో మధ్యమమో తగులుతుంది. నిషాదం ఊపితే ధైవతం తగలవచ్చు. మహతిలో అవి అన్యస్వరాలు, అంటే రాగంలో లేనివి. ధైవతం ఏ కాస్త తగిలినా వలజి వచ్చేస్తుంది, ఎందుకంటే వలజి అంటే స గ ప ద ని. కాబట్టి గాంధారాన్ని అందుకోవాలంటే షడ్జం నుంచి పైకి జారాలి, లేదా పంచమం నుంచి కిందికి జారాలి. నిషాదాన్ని పై షడ్జం నుంచి తెచ్చుకోవాలి. ఆయన రికార్డింగ్ పెట్టుకుని ఒక్క పల్లవినే రాత్రిళ్లు వింటూ, ఏ స్వరానికి ఏ వైపు నుంచి వస్తున్నారో కాగితం మీద బాణం గుర్తులు వేసుకున్నాను. ఒక పేజీ నిండాక చూస్తే మొత్తం రాగలక్షణం ఆ బాణాల్లోనే ఉంది. స్వరాలు తగ్గించడంతో ఆయన పని అయిపోలేదు. ప్రతి స్వరానికీ రాకపోకల దారి వేసి, ఆ దారుల్ని కృతిలో భద్రపరిచారు.

కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వేసేటప్పుడు ఈ సంగతి ఇంకా బాగా తెలిసింది. నాలుగు స్వరాల్ని ఒక్కోసారి వాడుతూ వరస మారిస్తే వచ్చేవి 24 రకాలే. కాసేపటికే అయిపోతాయి. మాస్టారు ఆపి, “వరసలు మార్చకమ్మా, కాలం మార్చు” అన్నారు. అదే ‘గ ప ని’ని ఒకసారి రెండక్షరాల్లో ఇమిడ్చి, ఒకసారి ఆవర్తం అంతా సాగదీసి, ఒకసారి నిషాదం మీదే వదిలేసి చూపించారు. స్వరం తక్కువైనప్పుడు లయ ఆ బరువు మోస్తుంది. బాలమురళి గారికి ఇది సహజంగా వచ్చి ఉంటుంది. ఆయన స్వయంగా మృదంగం, కంజిర వాయించేవారు, వయొలిన్, వయోలా కూడా.

ఇంత దూరం వచ్చాక ఆయన జీవితం వైపు చూస్తే నాకు ఒక క్రమం కనిపించింది. 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ. ఆయన పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయారు. ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ. మురళీకృష్ణ అన్న పేరుకు ముందు ‘బాల’ చేర్చింది హరికథా భాగవతార్ ముసునూరి సూర్యనారాయణమూర్తి గారు. పదిహేనో ఏటికి, ఏడు స్వరాలూ ఉండి మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు చేశారు. 1952లో ‘జనక రాగ మంజరి’గా పుస్తకం వచ్చింది. తర్వాత అవే ‘రాగాంగ రవళి’ పేరుతో రికార్డయ్యాయి. మహతి, లవంగి, సుముఖం, మూడే స్వరాల సర్వశ్రీ, ఇవన్నీ ఆ తర్వాతి కాలంలోవి. ముందు సంప్రదాయం గీసిన ఎల్లలన్నీ ఒక్క గది కూడా వదలకుండా తిరిగారు. అన్నీ చూసినవాడికే ఏది తీసేయచ్చో తెలుస్తుంది. ఆయన బిరుదుల జాబితా పెద్దదే. 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన షెవలియర్. కానీ నా దృష్టిలో ఆయన జీవితచరిత్ర అసలు ఆ రెండు పనుల మధ్యే ఉంది, కుర్రతనంలో 72 నింపడం, పెద్దతనంలో నాలుగుకు, మూడుకు తగ్గించడం.

ఇది నాకు పట్టుబడింది కనకాంగి నేర్చుకున్నప్పుడు. కనకాంగి మొదటి మేళకర్త. లవంగి దాని జన్యమే, అంటే దాన్నుంచి పుట్టిందే. స, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం హార్మోనియం మీద వరసగా మూడు మెట్లు. ప, శుద్ధ ధైవతం, శుద్ధ నిషాదం మళ్లీ వరసగా మూడు. ఇలాంటి ఇరుకు స్వరాలున్న వాటిని వివాది మేళాలంటారు. 72లో 40 అవే. పాడితే అరిష్టమని భయపడేవాళ్లు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. గొంతుతో రి, గ విడివిడిగా పలికించడం ఎంత ప్రయాసో పాడి చూస్తేనే తెలుస్తుంది. రిషభం కాస్త పైకి పోతే గాంధారం మింగేస్తుంది, గాంధారం కాస్త కిందికొస్తే రిషభం పోతుంది. ఊపడానికి సందు లేదు. రెంటినీ సూటిగా, సన్నగా పలకాలి. ఇప్పుడు ఇదే కనకాంగిలోంచి గాంధారం, నిషాదం, పంచమం తీసేయండి. గొడవ పెట్టే స్వరాలన్నీ పోయి మిగిలింది లవంగి! అంత కఠినమైన మేళం కడుపులో అంత మెత్తని రాగం ఉందని కనిపెట్టడానికి, ముందు ఆ మేళంలో కూర్చుని కృతి చేసిన అనుభవం ఉండాలి. టీనేజీలో ఉన్న అబ్బాయి ఆ 40 వివాది మేళాల్లోనూ ఒక్కదాన్ని కూడా దాటవేయలేదంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

తిల్లానాలు కూడా మొదలుపెట్టాను, కుంతలవరాళి తిల్లానా. అది కచేరీల్లో, నాట్య ప్రదర్శనల్లో అందరూ విన్నదే కాబట్టి ఎక్కువ చెప్పను. మాస్టారు చాలాకాలం స్వరం ముట్టుకోనివ్వలేదు. చేత్తో తాళం వేస్తూ జతులు, అంటే లయ పలుకులు, మాత్రమే పలకమన్నారు. నోట్లో జతి సాఫీగా తిరిగాక రాగం పెడితే, రాగం దానంతటదే వచ్చి కూర్చుంది. రిషభ గాంధారాలు రెండూ లేని రాగం కాబట్టి షడ్జం నుంచి ఒక్కసారే మధ్యమానికి దూకాలి. ఆ దూకుడు జతికి సరిగ్గా అతికింది.

ఒక్క బాధ మాత్రం ఉంది. ఆయన కృతుల్ని కచేరీల్లో పాడేవాళ్లు ఇంకా తక్కువే. తిల్లానాలు, ఒకటి రెండు వర్ణాలు తప్ప మిగతావి ఎక్కువగా వినపడవు. ఆయన గొంతులో విన్నవాళ్లకు ఇంకొకరు పాడితే ఆనదని కొందరంటారు. నేను ఒప్పుకోను. త్యాగయ్య గొంతు మనమెవరం వినలేదు, ఆయన కృతులు బతికాయి. బాలమురళి గారు 2016 నవంబరులో వెళ్లిపోయారు. ఆ రచనలు ఇక మన గొంతుల్లోనే ఉండాలి. నాలాంటి మామూలు విద్యార్థులు కూడా పాడాలి, బాగా పాడగలిగినవాళ్లు మరీ పాడాలి.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. ముందు మహతి పట్టుకోండి, లవంగి తర్వాత. అంతర గాంధారం, పంచమం తంబురాతో ఏకమవుతాయి కాబట్టి మహతి త్వరగా నిలుస్తుంది. లవంగికి మధ్యమ శ్రుతి పెట్టుకోండి. రికార్డింగ్ విని అనుకరించేముందు స్వరం రాసుకుని, గురువు దగ్గర సరిచూసుకోండి. బాలమురళి గారు విసిరే సంగతులన్నీ, అంటే ఒకే పంక్తికి వేసే మలుపులన్నీ, మొదటే ఎత్తుకోవద్దు, ఒక్కటి నిలిచాక ఇంకొకటి.

మాస్టారు, నేను ఇప్పుడు మేళకర్త కృతుల్ని వరసగా తీసుకుంటున్నాం. ఇందు చక్రం అనే మొదటి వర్గంలో ఆరూ అయ్యాయి, ఏడోదైన సేనావతి నడుస్తోంది. మొదటి ఏడు మేళాలూ వివాదులే, ఒక్కదానిలో కూడా ఊపిరి తీసుకునే సందు లేదు. ఎనిమిదోది తోడి. త్యాగయ్య అన్ని కృతులు చేసి ఇక చెప్పడానికేమీ మిగల్చలేదనిపించే రాగంలో ఆ కుర్రవాడు ఏం చేశాడో చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. సేనావతి చరణం పూర్తవగానే మొదలుపెడతామని మాస్టారు అన్నారు.